ఉద్యోగ పత్రాల్లో విధేయతా ప్రమాణం: ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

శాన్‌హోజే_శేషు

కిందటి ఏడాది పౌరసత్వం వచ్చింది. ఇప్పుడు కాలిఫోర్నియాలోని ఒక ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం పూట గణాంకశాస్త్రం చెప్పే పని దొరికింది. చేరేటప్పుడు ఇచ్చిన కాగితాల కట్టలో బ్యాంకు వివరాలకీ క్షయ పరీక్ష పత్రానికీ మధ్య ఒక పేజీ ఉంది. అమెరికా రాజ్యాంగాన్నీ కాలిఫోర్నియా రాజ్యాంగాన్నీ బయటి శత్రువుల నుంచీ లోపలి శత్రువుల నుంచీ కాపాడతానని, మనసులో ఏ దాపరికమూ లేకుండా ఈ బాధ్యత తీసుకుంటున్నానని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. పెట్టకపోతే జీతం ఇవ్వరు. నాతో పాటే చేరిన బెంగాలీ ఆయనది ఇంకా గ్రీన్‌కార్డే. ఆయన కట్టలో ఈ పేజీ లేదు! అంటే దేశం కానివాడి మీద నమ్మకం, కొత్తగా దేశస్థుడైనవాడి మీద అనుమానమా?

పైగా నేను 'విపత్తు సేవా కార్యకర్త'నని అక్కడే రాసి ఉంది. సగటు, మధ్యగతం చెప్పుకునేవాడికి విపత్తుతో ఏం పని? సంతకం పెట్టడానికి నాకేమీ అభ్యంతరం లేదు. కానీ పౌరసత్వం రోజున చెయ్యెత్తి చేసిన ప్రమాణం చాలదా? దీని వెనక కథ తెలిసినవాళ్లు చెప్పండి.

ఉప్పుమిరప

విపత్తుతో మీకేం పనో మొదటి పరీక్ష మార్కులు వచ్చాక మీ విద్యార్థులు చెబుతారు.

ముక్కుసూటి

సంతకం పెట్టి పని చూసుకోండి. ప్రజల సొమ్ముతో జీతం తీసుకుంటున్నప్పుడు రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని చెప్పడంలో తప్పేముంది? మన దగ్గర మంత్రులు చెయ్యడం లేదా, జడ్జీలు చెయ్యడం లేదా?

నల్లబల్ల

ముక్కుసూటి గారూ, రాజ్యాంగానికి కట్టుబడతాననే ప్రమాణం దగ్గర ఎవరికీ పేచీ లేదు. అది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1942 నుంచీ ఉంది, ప్రొఫెసర్లందరూ కిక్కురుమనకుండా చేశారు. గొడవ దాని తర్వాత వచ్చిన రెండో ప్రమాణంతో మొదలైంది.

1949 జనవరిలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ముగ్గురు ప్రొఫెసర్లను తీసేసింది. బటర్‌వర్త్, ఫిలిప్స్ కమ్యూనిస్టు పార్టీ సభ్యులమని ఒప్పుకున్నారు. గండ్లాక్ కాదన్నాడు, ఆయన ఉద్యోగమూ పోయింది. ఆ ఫిలిప్స్‌నే లాస్ ఏంజెలెస్ ప్రాంగణంలో ఒక చర్చకు పిలిచారు. అదే సమయంలో కాలిఫోర్నియా శాసనసభలో జాక్ టెన్నీ అనే సెనేటర్ కమ్యూనిస్టుల వేట జోరుగా నడుపుతున్నాడు. విశ్వవిద్యాలయ సిబ్బంది విధేయతను శాసనసభే తేల్చేలా రాజ్యాంగ సవరణ ప్రతిపాదించాడు. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు రాబర్ట్ గోర్డన్ స్ప్రౌల్‌కు గుండెల్లో రాయి పడింది. బయటివాళ్లు చెయ్యి పెట్టకముందే మనమే ఏదో ఒకటి చేసేద్దామని 1949 మార్చి 25న రీజెంట్ల చేత, అంటే పాలకమండలి చేత, కొత్త ప్రమాణం ఆమోదింపజేశాడు. జూన్‌లో దాన్ని ఇంకా బిగించి 'నేను కమ్యూనిస్టు పార్టీ సభ్యుణ్ణి కాను' అనే మాట నేరుగా పెట్టారు. దాన్ని ఏటేటా ఇచ్చే నియామక పత్రానికి ముడిపెట్టారు. సంతకం పెడితేనే ఆ ఏడాది ఉద్యోగం.

పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు పాఠం చెప్పినవాళ్లు కూడా అందులోకే వచ్చారు. పర్మనెంటు ఉద్యోగమన్న మాటకు అర్థం పోయింది.

ముక్కుసూటి

కథ బాగుంది కానీ సగమే చెప్పారు. ఆ భయం గాలిలోంచి పుట్టలేదు. 1949 ఆగస్టులో సోవియట్లు అణుబాంబు పేల్చారు. అక్టోబరులో చైనా మావో చేతికి వచ్చింది. 1950 ఫిబ్రవరిలో క్లాస్ ఫుక్స్ దొరికాడు. బాంబు తయారుచేసిన చోటనే కూర్చుని రహస్యాలు అందించిన భౌతికశాస్త్రవేత్త ఆయన. జూన్‌లో కొరియా యుద్ధం. మీరు చెప్పే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, దాని బర్క్‌లీ ప్రాంగణం, మామూలు కాలేజీ కాదు, ఆ బాంబు తయారైన లాస్ అలమోస్ ప్రయోగశాలను నడిపే విశ్వవిద్యాలయం. వాళ్ల స్థానంలో మీరుంటే ఊరుకునేవారా?

ఇంకో మాట. సిడ్నీ హుక్ అనే తత్వశాస్త్ర ప్రొఫెసర్ అప్పట్లో ఒక వాదం చేశాడు. ఆయన మితవాది కాదు, ఒకప్పటి మార్క్సిస్టు. పార్టీ సభ్యుడంటే ఏదో అభిప్రాయం ఉన్నవాడని కాదు, పై నుంచి గీత వస్తే దాని మీద నడుస్తానని ముందే మాట ఇచ్చినవాడని ఆయన అనేవాడు. 1948లో మాస్కోలో, జన్యువుల్నే నమ్మని లైసెంకో చెప్పిందే జన్యుశాస్త్రమని తీర్మానించారు. ఆ తీర్మానానికి తల వంచినవాడు తరగతిలో స్వేచ్ఛగా జీవశాస్త్రం చెబుతాడా? విద్యా స్వేచ్ఛ పేరుతో విద్యా స్వేచ్ఛ లేనివాణ్ణి కాపాడమంటారా?

సున్నా_ఒకటి

హుక్ వాదం బలమైనదే. కానీ ఆ ప్రమాణం ఎవరిని పట్టుకుంది? ఫుక్స్ లాంటివాడి ముందు ఆ కాగితం పెడితే కలం కూడా అడగకుండా సంతకం పెట్టేవాడు. అబద్ధం ఆడటమే వృత్తి అయినవాడికి ఇంకో అబద్ధం బరువా? ఆ జల్లెడలో మిగిలినవాళ్లు మాట అంటే మాటే అనుకునేవాళ్లు. చివరికి తీసేసిన 31 మందిలో ఒక్కరి మీద కూడా కమ్యూనిస్టు అనే అభియోగం లేదు.

గణిత విభాగంలో పాలీన్ స్పెరీ అని ఒకావిడ ఉండేది. ఆ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసరైన తొలి మహిళ. గోళీయ త్రికోణమితి పుస్తకాలు రాసుకునే మనిషి. 65 ఏళ్ల వయసులో, పదవీ విరమణ ముంగిట, సంతకం పెట్టలేదని ఇంటికి పంపారు. దేశానికి ఆవిడ వల్ల ప్రమాదమా?

నల్లబల్ల

స్పెరీ సంగతి చెప్పారు కాబట్టి కాంటరోవిచ్ సంగతి కూడా చెప్పాలి. ముక్కుసూటి గారు దీన్ని కొంచెం నెమ్మదిగా చదవాలని మనవి.

ఎర్నెస్ట్ కాంటరోవిచ్ మధ్యయుగ చరిత్రకారుడు, జర్మనీ నుంచి వచ్చిన యూదుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కైజర్ సైన్యంలో పనిచేశాడు. యుద్ధం అయ్యాక స్వచ్ఛంద దళాల్లో చేరి బెర్లిన్‌లో, మ్యూనిక్‌లో తుపాకీ పట్టి కమ్యూనిస్టులతో పోరాడాడు. తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. హిట్లర్ వచ్చాక అక్కడ ప్రమాణం చెయ్యనని పక్కకు తప్పుకున్నాడు. ఆ మనిషిని తీసుకొచ్చి బర్క్‌లీలో 'నువ్వు కమ్యూనిస్టువి కావని రాసివ్వు' అన్నారు!

1949 జూన్ 14న అధ్యాపకుల సెనేట్ సమావేశంలో లేచి మాట్లాడాడు. తర్వాత చిన్న పుస్తకం కూడా అచ్చు వేశాడు. కమ్యూనిస్టుల మీద తాను తుపాకీ పట్టిన సంగతి అందులో దాచలేదు. అలా పోరాడి, తనకు తెలియకుండానే, తన ఉద్దేశానికి విరుద్ధంగా, నాజీలకు దారి చదును చేశానని రాశాడు. అందుకే ఈ రకం ప్రమాణాలు మొదట్లో ఎంత మెత్తగా ఉంటాయో, ఆ తర్వాత ఎక్కడికి తీసుకెళ్తాయో తనకు తెలుసన్నాడు. నల్లగౌను తొడుక్కునే అర్హత ఉన్నవాళ్లు ముగ్గురే, న్యాయమూర్తి, మతాచార్యుడు, విద్వాంసుడు అన్నది ఆయన వాదం. ముగ్గురూ జవాబు చెప్పుకోవలసింది తమ అంతరాత్మకు. వాళ్లను జీతం కోసం అంతరాత్మను అమ్ముకోమనడం సిగ్గుచేటన్నాడు.

ఆయన్ని పోగొట్టుకున్నారు. ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత అధ్యయన సంస్థ చేర్చుకుంది. అప్పుడు దాని డైరెక్టర్ ఎవరో తెలుసా? అణుబాంబు తయారుచేయించిన ఓపెన్‌హైమర్.

ఉప్పుమిరప

కమ్యూనిస్టును కాల్చినవాడికే కమ్యూనిస్టు కాదనే సర్టిఫికెట్టు కావాలంటే, ఇక మిగతావాళ్లు రక్తపరీక్ష చేయించుకోవాలి.

తుంగభద్ర

చదువుతున్నాను. 31 అన్న సంఖ్య ఎలా తేలింది? మొదట్లో చాలామంది ఎదిరించారని విన్నాను.

నల్లబల్ల

మొదట్లో వందల మంది. ఆ తర్వాత ఒక్కొక్కరూ జారిపోయారు. 1950 ఫిబ్రవరిలో రీజెంట్లు తుది గడువు పెట్టారు: ఏప్రిల్ 30లోగా సంతకం పెట్టండి, లేదా వెళ్లిపొండి. ఏప్రిల్‌లో పూర్వ విద్యార్థులు మధ్యవర్తిత్వం చేసి ఒక రాజీ కుదిర్చారు. ఆ మాటల్నే ప్రమాణంగా కాక నియామక పత్రంలో ఒక షరతుగా పెట్టారు. దానికీ సంతకం పెట్టనివాళ్లు అధ్యాపకుల కమిటీ ముందుకెళ్లి తమ కారణం చెప్పుకోవచ్చు. ఆ మాత్రం సడలింపుకే బ్యాంక్ ఆఫ్ అమెరికా అధిపతి జియానీని మండిపడి రీజెంటు పదవికి రాజీనామా చేశాడు.

కమిటీ ముందుకు వెళ్లినవాళ్లలో ఎక్కువమందికి ఏ అనుమానమూ లేదని తేలింది. జులైలో రీజెంట్లు 10-9 ఓట్లతో వాళ్లను ఉంచాలన్నారు. అప్పుడు జాన్ ఫ్రాన్సిస్ నేలన్ అనే రీజెంటు, గట్టి వకీలు, ఓడిపోతున్నానని చూసి తన ఓటును గెలిచే పక్షానికి మార్చేశాడు. మళ్లీ చర్చకు పెట్టమని అడిగే హక్కు గెలిచినవాళ్లకే ఉంటుంది కాబట్టి! ఆగస్టు 25న మళ్లీ ఓటింగ్ జరిగింది. ఈసారి 12-10. ఈ మధ్యలో కొందరు సంతకం పెట్టారు, కొందరు వెళ్లిపోయారు. మిగిలిన 31 మందిని తీసేశారు. వీళ్లలో కమ్యూనిస్టులున్నారని ఎవరూ అనడం లేదని, ఇది క్రమశిక్షణకు సంబంధించిన విషయమని తీసేసే పక్షం వాళ్లే ఒప్పుకున్నారు.

ఓడిపోయిన ఆ పదిమందిలో గవర్నర్ ఎర్ల్ వారెన్ ఉన్నాడు. పసిఫిక్‌లో జపాన్‌ను ఓడించిన అడ్మిరల్ నిమిట్జ్ ఉన్నాడు. ఈ ప్రమాణాన్ని మొదట ప్రతిపాదించిన స్ప్రౌల్ కూడా ఉన్నాడు.

ఉప్పుమిరప

స్ప్రౌల్ గారు తాళం వేసి, తాళంచెవి నూతిలో పడేసి, ఆ తర్వాత తలుపు తట్టినట్టున్నారు.

ముక్కుసూటి

నిమిట్జ్ సంగతి నాకు తెలియదు, అది బలమైన మాటే. కానీ 10 మంది అటు, 12 మంది ఇటు అంటే మామూలు మనుషులే రెండు పక్షాలుగా ఉన్నారని అర్థం. రాక్షసులూ దేవతలూ అని చెప్పకండి.

లాబ్_కోటు

ముక్కుసూటి గారి వాదానికి నేనొకటి అందిస్తాను, నాకు ఇష్టం లేకపోయినా. 1950 మార్చిలో ఆ విశ్వవిద్యాలయ అధ్యాపకులు తపాలా ఓటు వేశారు. ప్రత్యేక ప్రమాణం వద్దు, రాజ్యాంగ ప్రమాణం చాలు అని భారీ మెజారిటీతో చెప్పారు. సంతోషం. అదే కాగితం మీద రెండో ప్రశ్న ఉంది: కమ్యూనిస్టు పార్టీ సభ్యులు అధ్యాపకులుగా పనికిరారనే విధానాన్ని ఆమోదిస్తారా? దానికీ భారీ మెజారిటీతో ఔననే అన్నారు. అంటే 'మమ్మల్ని అనుమానించకండి, వాళ్లను తీసేయండి' అని. రీజెంట్లకు 1940 నుంచే ఆ విధానం ఉంది, అధ్యాపకులు దానికి ముద్ర వేశారు. ఆ రోజు ఓడింది ఎవరో నాకు ఇప్పటికీ తేలదు.

సున్నా_ఒకటి

అది నిజం, చేదు నిజం. వాళ్లు దాన్ని బేరంగా చూశారు. ఆ ఓటు ఇస్తే రీజెంట్లు మెత్తబడతారని. మెత్తబడలేదు.

పాత_వకీలు

చరిత్ర అయిపోయింది, ఇక కోర్టుకు రండి. శేషు గారి విపత్తు కూడా ఇక్కడే ఉంది.

తీసేసినవాళ్లలో ఎడ్వర్డ్ టోల్మన్ బాగా పేరున్నవాడు. ఎలుకలు చిట్టడవిలో దారి ఎలా గుర్తుపెట్టుకుంటాయో కనిపెట్టిన మనస్తత్వ శాస్త్రవేత్త, బి.ఎడ్. చదివిన ప్రతివాళ్లూ ఆయన పేరు బట్టీ పట్టి ఉంటారు. కేసు ఆయన పేరు మీదే నడిచింది. 1951 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. 1952 అక్టోబరు 17న కాలిఫోర్నియా సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి తీసుకోమంది. కానీ కారణం చూడండి: విద్యా స్వేచ్ఛ కాదు. ప్రభుత్వోద్యోగుల విధేయత సంగతి చూడటానికి రాష్ట్రం తానే చట్టం చేసింది కాబట్టి విశ్వవిద్యాలయం దాని మీద ఇంకొకటి పెట్టకూడదంది. అంతే.

రాష్ట్రం చేసిన ఆ చట్టం పేరు లెవరింగ్ చట్టం, 1950 అక్టోబరు. కొరియా యుద్ధం వేడిలో ప్రత్యేక సమావేశం పెట్టి తెచ్చారు. దాని చాకచక్యం చూడండి. ప్రతి ప్రభుత్వోద్యోగినీ 'పౌర రక్షణ కార్యకర్త' అని ప్రకటించారు. యుద్ధమో భూకంపమో వస్తే పిలుస్తాం కాబట్టి ముందు విధేయత తేల్చుకోవాలన్నారు. ప్రొఫెసరూ గుమాస్తా తోటమాలీ అందరూ ఒకే తాటి మీదకు వచ్చారు. తర్వాత ఆ పేరే 'విపత్తు సేవా కార్యకర్త' అయ్యింది. శేషు గారూ, మీ పేజీ పుట్టిల్లు అది. దేశస్థులు కానివాళ్లను ఆ నిర్వచనం నుంచి మినహాయించారు, అందుకే మీ బెంగాలీ మిత్రుడి కట్టలో పేజీ లేదు. అనుమానం మీ మీదా కాదు, నమ్మకం ఆయన మీదా కాదు.

ప్రభుత్వాన్ని బలప్రయోగంతో కూలదోయాలనే సంస్థల్లో సభ్యుణ్ణి కానని చెప్పే, ఆ ప్రమాణంలోని రెండో భాగాన్ని 1967లో వోగెల్ కేసులో అదే రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. రాష్ట్ర రాజ్యాంగ ప్రతిలో ఆ పేరా ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది, ప్రాణం మాత్రం లేదు. మీరు సంతకం పెట్టేది మిగిలిన మొదటి భాగానికి.

మర్చిపోయాను, లెవరింగ్ చట్టం మీద సంతకం చేసిన గవర్నర్ ఎర్ల్ వారెన్. అవును, ఆయనే.

ముక్కుసూటి

చూశారా! మీ హీరో కూడా.

పాత_వకీలు

అదే మనిషి అమెరికా ప్రధాన న్యాయమూర్తిగా 1957లో స్వీజీ కేసు తీర్పు రాశాడు. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో ఉపన్యాసంలో ఏం చెప్పావో చెప్పమని రాష్ట్ర అటార్నీ జనరల్ అడిగితే మార్క్సిస్టు ఆర్థికవేత్త పాల్ స్వీజీ చెప్పనన్నాడు. అలా అడిగే హక్కు లేదని వారెన్ తేల్చాడు. మనుషులు ఒకే చోట నిలబడి ఉండరు. 1967లో కీషియన్ కేసు వచ్చేసరికి, ఉపాధ్యాయుల విధేయతను తేల్చే న్యూయార్క్ ఫైన్‌బర్గ్ చట్టమే పోయింది, 5-4తో. ఒక్క ఓటు అటు పడితే?

శాన్‌హోజే_శేషు

వకీలు గారూ, ఇది కదా నాకు కావలసింది. ఇంకో చిన్న సందేహం. 'ప్రమాణం చేస్తున్నాను' బదులు 'ధ్రువీకరిస్తున్నాను' అనే వీలు ఉందా? ఇంట్లో అమ్మ ఒట్టు పెట్టకూడదంటుంది.

పాత_వకీలు

ఉంది. రెండు మాటలూ అచ్చులోనే ఉంటాయి. కానీ మాట కలపడానికి వీల్లేదు. 2008లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ ఈస్ట్ బే ప్రాంగణంలో గణితం చెప్పే ఒకావిడ, హింస కూడదనే క్వేకర్ మతస్థురాలు, 'కాపాడతాను' ముందు 'అహింసాయుతంగా' అని చేత్తో రాసి సంతకం పెట్టింది. ఉద్యోగం తీసేశారు. పత్రికల్లో గొడవయ్యాక, ఆయుధం పట్టాలని ఈ ప్రమాణం ఎవరినీ బలవంతపెట్టదని వివరణ పత్రం జోడించి తిరిగి తీసుకున్నారు.

పెద్దబాలశిక్ష

ఇదంతా అమెరికా వ్యవహారమని చదువుతున్నాను గాని, మా తరానికి ఇది కొత్త కాదు. డెబ్బయ్యో దశకంలో ఒక ప్రభుత్వ కాలేజీలో లెక్చరర్ పోస్టుకు ఎంపికయ్యాను. పత్రం రావాలి, రాదు. ఆఫీసులో అడిగితే పోలీసు విచారణ అన్నారు. మా వీధి చివర కిరాణా కొట్టాయన్ని ఒక కానిస్టేబులు వచ్చి అడిగాడట: వీళ్ల ఇంటికి ఏ పత్రిక వస్తుంది? కొట్టాయన తెలివైనవాడు, 'పంచాంగం' అన్నాడు. పత్రం వచ్చింది. నాతో ఎంపికైన ఇంకొకడికి రాలేదు. వాళ్ల అన్న పార్టీలో ఉన్నాడు. వాడు ట్యుటోరియల్ పెట్టుకుని బతికాడు. మా దగ్గర సంతకం కూడా అడగరు. ఎవరో ఏదో రాస్తారు, నీకు చూపించరు.

మన సుప్రీంకోర్టుకూ ఈ చరిత్ర ఉంది. 1949లో రైల్వేలో జాతీయ భద్రత నియమాలు తెచ్చారు. వాటి కింద నాగ్‌పూర్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఉద్యోగులను కమ్యూనిస్టు యూనియన్‌లో ఉన్నారని తీసేశారు. పి.బాలకోటయ్య పేరు మీద కేసు. పేరు చూడగానే మనవాడనిపిస్తుంది కదా. 1957 డిసెంబరులో ఓడిపోయారు. యూనియన్‌లో ఉండే హక్కు నీకు ఉంది, ప్రభుత్వోద్యోగంలో ఉండే హక్కు లేదు అన్నారు.

పాత_వకీలు

పెద్దాయనా, అచ్చం అదే తర్కం 1952లో అమెరికా సుప్రీంకోర్టు యాడ్లర్ కేసులో న్యూయార్క్ ఉపాధ్యాయులకు చెప్పింది. నీ నమ్మకాలు నీవి, పంతులు ఉద్యోగం మాత్రం మా షరతుల మీద.

మీ కథకు రెండో సగం నేను కలుపుతాను. 1983లో మధ్యప్రదేశ్ కేసు. మునిసిపల్ స్కూలును ప్రభుత్వం తీసుకున్నప్పుడు ఒక ఉపాధ్యాయుణ్ణి పోలీసు నివేదిక చూసి తీసేశారు. ఈసారి కారణం ఆరెస్సెస్, జనసంఘ్ కార్యక్రమాలు. తీర్పు రాసింది మన జస్టిస్ ఓ.చిన్నప్పరెడ్డి. ప్రభుత్వోద్యోగమేమైనా దేవతలు మాత్రమే అడుగుపెట్టవలసిన స్వర్గమా అని అడిగారు. రాజకీయ విశ్వాసం మీద పోలీసు నివేదిక తెప్పించుకోవడమే ప్రాథమిక హక్కుల వేరు నరకడమన్నారు. ఆయన వామపక్షం వైపు మనిషని అందరికీ తెలుసు. కాపాడింది అవతలి వైపు మనిషిని.

తుంగభద్ర

ఈ చివరి వాక్యం కోసమే ఇంతసేపు చదివాను.

ముక్కుసూటి

దీనికి చప్పట్లు. చిన్నప్పరెడ్డి గారి తీర్పుతో నాకు పేచీ లేదు. కానీ శత్రు సంస్థ నుంచి ఆదేశాలు తీసుకునేవాడి విషయంలో పేచీ ఉంది, ఉంటుంది.

సున్నా_ఒకటి

ఆదేశాలు తీసుకున్నాడని రుజువు చెయ్యండి, తీసేయండి. మనిషి మనిషికీ విడిగా. మూకుమ్మడి కాగితం ఎందుకు?

ఇటలీలో 1931లో ముసోలినీ ప్రొఫెసర్లందరినీ ఫాసిస్టు పాలనకు ప్రమాణం చెయ్యమన్నాడు. పన్నెండు వందల పైచిలుకు మందిలో కాదన్నవాళ్లు డజను మంది. అందులో గణిత శాస్త్రజ్ఞుడు వీటో వోల్టెరా ఒకడు. సంతకం పెట్టి లోపల ఉండండి, పిల్లల్ని వదిలెయ్యకండి అని కమ్యూనిస్టు పార్టీ తన వాళ్లకు చెప్పింది. అంటే ఫాసిస్టు ప్రమాణానికి కూడా కమ్యూనిస్టులు సంతకం పెట్టారు! ఇంతకంటే రుజువేం కావాలి, ఈ కాగితాలు ఎవరిని పట్టవో?

లాబ్_కోటు

ఇంతమందిలో సంతకం పెట్టినవాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను అక్కడే ఆగిపోయాను. నాది హెచ్-1బి. ఉద్యోగం పోతే అరవై రోజులు. ఇంట్లో చిన్న పాప. 1950లో నేను ఉండి ఉంటే ఏప్రిల్ 29న సంతకం పెట్టేవాణ్ణి, 30 దాకా ఆగేవాణ్ణి కాను. టోల్మన్ గొప్పతనం నాకు అక్కడ కనిపిస్తుంది. చిన్నవాళ్లతో, పిల్లలున్నవాళ్లతో, మీరు సంతకం పెట్టండి, పోరాటం మాలాంటి పెద్దవాళ్లకు వదిలెయ్యండి అన్నాడట. ఆయనకు అరవై దాటాయి. పెట్టనివాణ్ణి పొగడాలంటే పెట్టినవాణ్ణి తిట్టాలని లేదు.

భౌతికశాస్త్రవేత్త పనోఫ్‌స్కీ సంతకం పెట్టాడు. అయినా ఉండబుద్ధి కాక స్టాన్‌ఫర్డ్ వెళ్లిపోయాడు. అక్కడ కణ త్వరణ యంత్ర కేంద్రాన్ని కట్టాడు. బర్క్‌లీకి ఆ నష్టం ఏ తీర్పుతో పూడుతుంది?

నల్లబల్ల

బాగా చెప్పారు. మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ కూడా వెళ్లిపోయాడు. తీసేసినవాళ్లలో లాస్ ఏంజెలెస్ ప్రాంగణంలో డేవిడ్ సాక్సన్ అనే కుర్ర భౌతికశాస్త్రవేత్త ఉన్నాడు. తర్వాత తిరిగి వచ్చాడు. 1975లో మొత్తం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికే అధ్యక్షుడయ్యాడు. ఒకప్పుడు స్ప్రౌల్ కూర్చున్న కుర్చీలో.

ఉప్పుమిరప

ఆయన చేరేటప్పుడు ఎవరైనా కాగితాల కట్ట ఇచ్చారా?

సున్నా_ఒకటి

నవ్వు కావాలంటే చాండ్లర్ డేవిస్. మిచిగన్ విశ్వవిద్యాలయంలో గణితం. 1954లో కాంగ్రెస్ విచారణ సంఘం ముందు, మొదటి రాజ్యాంగ సవరణ నాకు వాక్ స్వాతంత్ర్యం ఇచ్చింది, నా రాజకీయాలు అడిగే హక్కు మీకు లేదన్నాడు. తన మీద తాను సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదనే అయిదో సవరణ చాటున దాక్కుని ఉంటే జైలు తప్పేది. ఉద్యోగం పోయింది, 1960లో ఆరు నెలలు జైలు. అక్కడ కూర్చుని గణితం చేసి, ఆ పరిశోధన పత్రం అడుగున కృతజ్ఞత చెప్పాడు: ఈ పరిశోధనకు కొంత సాయం ఫెడరల్ జైళ్ల వ్యవస్థ చేసిందని, ఇందులోని అభిప్రాయాలు జైళ్ల శాఖవి కానక్కర్లేదని. ఆ తర్వాత టొరంటో వెళ్లిపోయాడు.

కృష్ణలంక_పిల్ల

దారం వేరే వైపు లాగుతున్నందుకు ఏమీ అనుకోకండి, ఇక్కడ వకీలు గారున్నారు కాబట్టి అడుగుతున్నాను. గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఇప్పటికీ ప్రశ్న ఉంది: కమ్యూనిస్టు పార్టీలో గాని, దాని అనుబంధ సంస్థలో గాని ఎప్పుడైనా సభ్యులా అని. విజయవాడలో ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్ ఫీజుల గొడవలో వామపక్ష విద్యార్థి సంఘం సభ్యత్వం రాయించుకున్నాను. అయిదు రూపాయల రసీదు. డిగ్రీ మొదటి ఏడాదితో ఆపేశాను. ఇప్పటికి పదేళ్లు. లేదని రాసెయ్యమంటున్నారు స్నేహితులు.

ముక్కుసూటి

అయిదు రూపాయల రసీదు ఎవరికి గుర్తుంటుంది, లేదని రాసెయ్యండి.

పాత_వకీలు

వద్దు. ముక్కుసూటి గారూ, ప్రమాణాల గురించి ఇంత గట్టిగా వాదించినవారు ఆ అమ్మాయికి అబద్ధం రాయమని సలహా ఇస్తారా? ఆ ప్రశ్నకు మూలం కూడా 1950లోనే ఉంది, మెక్‌కారన్ చట్టంలో. కానీ మినహాయింపులున్నాయి. పదహారేళ్లు నిండకముందు సభ్యత్వమైతే లెక్కలోకి రాదు. దరఖాస్తుకు కనీసం రెండేళ్ల ముందే మానేసి ఉంటే, ఆ పార్టీ నిరంకుశ ప్రభుత్వాన్ని నడిపేది కాకపోతే, అడ్డు కాదు. నిరంకుశ ప్రభుత్వాన్ని నడిపేదైతే అయిదేళ్లు. మీది పదేళ్ల మాట. నిజం రాస్తే దాటే గోడ అది. అబద్ధం రాసి బయటపడితే మాత్రం అది వేరే నేరం, శాశ్వతంగా అడ్డుపడుతుంది. ఒక ఇమిగ్రేషన్ వకీలుకు డబ్బు కట్టి, జవాబు రాయించుకుని, వివరణ జతచెయ్యండి.

కృష్ణలంక_పిల్ల

మానేసినట్టు రుజువేం చూపించాలి? సభ్యత్వం ఏటేటా రాయించాలి, నేను మళ్లీ రాయించలేదు, అంతే. ఆ సంఘం ఆఫీసుకు రాస్తే ఫలానా ఏడాది తర్వాత సభ్యురాలు కాదని ఉత్తరం ఇస్తారా?

పెద్దబాలశిక్ష

ఇస్తారమ్మా, మంచివాళ్లే. పార్టీ జిల్లా ఆఫీసు నుంచి మాత్రం తీసుకోకు. ఉత్తరం పైన సుత్తీ కొడవలి ఉంటుంది.